పదకొండు అడుగులు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు సైన్యం వదిలించుకున్న జీపులను వేలం వేసినప్పుడు మా నాయన ఒకదాన్ని పాడుకున్నాడు. దాని స్టీరింగు ఎడమవైపున ఉండేది. చేతి బ్రేకు పేరుకు మాత్రమే ఉండేది. గుడియాత్తం చుట్టుపక్కల సేద్యగాళ్ళ ఇళ్ళలో అదే మొదటి జీపు కావడంతో, అందులో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది కూడా మా ఇంట్లో ఒక శాసనమైపోయింది. ముందు నాయన, ఆయన పక్కన అవ్వ. వెనుక ఎదురెదురు బల్లల మీద ఆడవాళ్ళు, పిల్లలు. మా చిన్నాయనకు మాత్రం నిర్ణీత స్థానం ఉండేది కాదు. అవసరాన్ని బట్టి ఎక్కేవాడు, అవసరాన్ని బట్టి దిగేవాడు.

చిన్నాయన నాయనకు పద్నాలుగేళ్ళు చిన్న. తాత పోయేనాటికి ఆయన పసివాడు. పెంచింది నాయనే. తిండి పెట్టాడు, బడికి పంపాడు, ఉపాధ్యాయ శిక్షణ చేయించాడు, పెళ్ళి చేశాడు. ఈ నాలుగు పనులనూ నాయన రోజుకొక్కసారైనా గుర్తుచేసేవాడు. శిక్షణ పూర్తయిన మనిషి చేత కళ్ళంలో గడ్డివాము వేయించేవాడు, మోటబావి దగ్గర ఎద్దులు తోలించేవాడు. చిన్నాయన ఎదురు చెప్పడం నేను వినలేదు.

ఇంట్లో అందరమూ తెలుగే మాట్లాడేవాళ్ళం గానీ తెలుగు అక్షరం చదవగలిగినవాడు చిన్నాయన ఒక్కడే. నాయన తమిళంలో సంతకం పెట్టేవాడు. నాకు అక్షరాలు దిద్దించింది చిన్నాయన. అక్షరాలతో పాటు క్రమం కూడా నేర్పాడు. పలక ఏ చేత్తో పట్టుకోవాలి, నిలబడినప్పుడు కాళ్ళు ఎలా ఉంచాలి, అడిగిన ప్రశ్నకు ఎంతవరకు జవాబు చెప్పాలి. అడిగినదానికి మాత్రమే చెప్పాలన్నది ఆయన పాఠాల్లో మొదటి నియమం. పదమూడేళ్ళ నాకు నియమాలంటే బెల్లం ముక్కంత ఇష్టం.

ఆ రోజుల్లోనే మద్రాసు రాష్ట్రం చీలి, ఉత్తరాన తెలుగువాళ్ళకు వేరే రాష్ట్రం ఏర్పడింది. సరిహద్దు మాకు కొన్ని మైళ్ళ అవతల పడింది. మేము ఇటే మిగిలిపోయాము. పలమనేరు వైపు ఒక బడిలో తెలుగు ఉపాధ్యాయుడు కావాలని విని చిన్నాయన దరఖాస్తు పెట్టుకున్నాడు. ఉత్తర్వు వచ్చింది. సోమవారం ఉదయం బడిగంట కొట్టే వేళకు ఎస్సెల్సీ మార్కుల పుస్తకంతో, శిక్షణ పత్రంతో హాజరు కావాలి. కాకపోతే ఆ ఉద్యోగం వరసలో తరువాతివాడికి పోతుంది. ఆ రెండు కాగితాలూ నాయన ఇనుప పెట్టెలో ఉన్నాయి. పెట్టె తాళంచెవి నాయన మొలతాడుకు వేలాడుతూ ఉంటుంది.

పిన్నమ్మకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు ఉండవచ్చు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ పద్నాలుగు మందికి వండుతూ ఉండేది. తన చేతితో తాను వెలిగించుకునే ఒక చిన్న పొయ్యి, తన భర్తకు మాత్రమే సరిపడే ఒక గిన్నె అన్నం, ఇంతకు మించి ఆమె ఏమీ కోరినట్టు నాకు తెలియదు. ఉత్తర్వు వచ్చిన మరునాడే రెండు గిన్నెలు, ఒక గరిటె పాత చీరలో మూటకట్టి అటక మీద దాచింది. నేను చూశాను.

గురువారం సాయంత్రం వసారాలో చిన్నాయన విషయం కదిపాడు.

“అన్నా, సోమవారం పొద్దున్నే ఆడ ఉండాల నేను.”

“యాడ?”

“పలమనేరు కాడ. బడిలో.”

“ఓహో, ఆంధ్రా పంతులు! ఈడుండే పిలకాయలకి చదువు అక్కర్లేదా నాయనా? గీత దాటితేనే నీ నోట్లో తెలుగు పలుకుతాదా?”

“అది గాదన్నా. ఉత్తరువు వచ్చినాది.”

“వచ్చినాది కదా, ఉండనీ. శనివారం కొండకు పోతాండాము. ఆడికొచ్చి అడుగు.”

జవ్వాది కొండల మీది కరక్కాయను ఆంబూరు, వేలూరు తోళ్ళ మండీలకు చేర్చడం సేద్యంతో పాటు నాయనకున్న వ్యాపారం. తోలు పదును చేయడానికి ఆ కాయ కావాలి. ఏటా ఒకసారి కొండ మీది ఊరిపెద్దను కలిసి మాట ఖాయం చేసుకుని వచ్చేవాడు. ఆ ఏడాది జీపు ఉంది గనుక కుటుంబాన్ని వెంటబెట్టుకుని వెళ్ళాలని నిశ్చయించాడు. అమ్మ ఇంటి దగ్గర పిల్లలతో ఉండిపోయింది. నాయన, అవ్వ, చిన్నాయన, పిన్నమ్మ, నేను బయలుదేరాము.

విరించిపురం దగ్గర పాలారు ఇసుక దాటేసరికి తెల్లవారింది. ఒడుగత్తూరు వెనకపడ్డాక దారి అడవిలో దూరింది. చందనం దుంగలు దించే బండ్ల కోసం కొట్టిన దారి అది. ఒకవైపు రాతిగోడ, మరోవైపు ఏమీ లేదు. పైకి పోయేకొద్దీ చెట్లు పొట్టివై, గాలి చల్లబడి, కింద వదిలివచ్చిన పాలారు తెల్లని దారంలా కనిపించింది. కొండ వెనుక కొండ, దాని వెనుక మరొకటి. మనిషి అలికిడి లేదు. పక్షి అరుపు ఒక కొండన పుట్టి మరో కొండన వినిపించేది.

చేతి బ్రేకు పట్టదు గనుక ఎక్కుడులో జీపు ఆగినప్పుడల్లా వెనుక చక్రం కింద కట్టె వేయాలి. చింతమొద్దు నుంచి మూడు మూలలుగా కోయించిన బరువైన కట్టె అది. దాన్ని భుజాన పెట్టుకుని చిన్నాయన జీపు వెనుక నడిచాడు. ఇంజను గొంతు మారగానే “కట్టె!” అని అరవడం చివర కూర్చున్న నా పని. అరుపు వినగానే ఆయన పరుగున వచ్చి కట్టెను చక్రానికి ఆనించేవాడు. నాయన ఇంజను చల్లారబెట్టి, నీళ్ళు పోసి, మళ్ళీ కదిలించేవాడు. చిన్నాయన కట్టె ఎత్తుకుని మళ్ళీ నడిచేవాడు. కొండ సగం ఎక్కేసరికి ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది.

“అమ్మా,” అన్నాడు నాయన అవ్వతో, వెనక్కి వినబడేంత గట్టిగా, “కట్టె మోసేదానికి ట్రైనింగయిన ఆళ్ని పెట్టుకున్నోణ్ణి ఈ జిల్లాలో నేనొకణ్ణే.”

అవ్వ దగ్గు వచ్చేదాకా నవ్వింది. “సర్టిపికేటు పెట్టెలో ఉండాది, కట్టె బుజాన ఉండాది. రెండూ బద్రమే పో.”

పిన్నమ్మ తల దించుకుని కూర్చుంది. బావగారి ముందు నోరు విప్పడం మా ఇళ్ళలో కోడళ్ళకు లేదు.

మధ్యాహ్నానికి పైకి చేరాము. వాలు మీద సామ చేలు, వెదురు తడికల గోడలు, గడ్డి కప్పిన పది పన్నెండు ఇళ్ళు. ఊరిపెద్ద మర్యాదస్తుడు. సామ బియ్యపు అన్నం, పనసగింజల పులుసు, ఆకుదొన్నెలో తేనె పెట్టించాడు. కరక్కాయ సంగతి నాలుగు మాటల్లో తేలిపోయింది. ఆకులు ఎత్తాక చిన్నాయన నాయన ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

“అన్నా, కొండకొచ్చి అడగమంటివి. అడగతా ఉండా.”

నాయన వక్క నములుతూ ఆయనను కిందినుంచి పైకి చూశాడు. తరువాత మొలతాడు నుంచి తాళంచెవి విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు. పిన్నమ్మ తల ఎత్తడం నేను గమనించాను.

“దిగేటప్పుడు జీపుకు కొమ్మ కడతాము. దాని మీద నువ్వు కూచో. కిందికి పోయేదాకా ఒక్క తూరి గూడా దిగకుండా వస్తివా, ఇది నీ చేతికిస్తా. ఆమెను గూడా పిలుచుకోని పో. పంతులు పని అంటే కూచోని చేసే పనే కదా, కూచునేది నేర్చుకో.”

బరువు బండ్లు కొండ దిగేటప్పుడు వేగం అదుపులో ఉంచడానికి వెనుక పంగ ఉన్న పెద్ద కొమ్మను తాడుతో కట్టి ఈడుస్తారు. కొమ్మ తేలికైతే దాని పంగలో కూలివాణ్ణి కూర్చోబెడతారు. అది ఎద్దుబండ్ల పద్ధతి. జీపుకు దానితో పని లేదు, మొదటి గేరులో అదే నెమ్మదిగా దిగుతుంది. ఊరిపెద్ద కూడా ఆ మాటే అన్నాడు.

“అయ్యా, అదు మాట్టు వండిక్కు తాన్. జీప్పుక్కు ఆళు వేండాంగ.”

“ఎంగ వీట్టు ఆళు తాన్, పరవాయిల్లె,” అని నాయన తమిళంలోనే జవాబిచ్చాడు. మా ఇంటి మనిషే కదా, ఏమీ ఫరవాలేదని. ఊరిపెద్ద మనుషులే కొమ్మ నరికి తెచ్చారు. వాళ్ళలో ఒకడు అడగకుండానే పంగ మీద గోనెపట్ట మడిచి వేశాడు.

“దిగినాడో లేదో చూసేది ఎవురు?” అంది అవ్వ.

“పాప చూస్తాది,” అన్నాడు నాయన. “అది అబద్దం ఆడదు. వాడే కదా నేర్పినాడు.”

నన్ను వెనక్కి తిరిగి కూర్చోమన్నారు. పక్కన పిన్నమ్మ కూర్చుంది.

మొదటి మలుపులోనే గోనెపట్ట జారి పోయింది. మూడో మలుపుకు కొమ్మ ఆకులన్నీ రాలాయి. చిన్నాయన రెండు చేతులతో తాడు పట్టుకుని, కాళ్ళు ముందుకు చాచి, రాయి తగిలిన ప్రతిసారీ ఎగిరి మళ్ళీ అదే పంగలో పడుతున్నాడు. దుమ్ముతో ఆయన ముఖం, జుట్టు, కనురెప్పలు ఒకే రంగుకు వచ్చాయి. పంచె ఒకవైపు చిరిగి తొడ కనిపించింది. కాసేపటికి ఆ తొడ మీద దుమ్ము తడిసి నల్లబడింది.

“పంతులూ, మెత్తగా ఉండాదా?” అని ముందునుంచి నాయన కేక వేశాడు.

“ఉండాదన్నా!”

“పాఠమేమన్నా చెప్పు, ఊరికే ఎందుకు కూచోవాల!”

చిన్నాయన నవ్వడానికి ప్రయత్నించాడు. పళ్ళ మీద కూడా దుమ్మే. నా వైపు చూసి కన్ను గీటాడు. నన్ను నవ్వించడానికి చేశాడని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు నేను నవ్వలేదు. విధిలో ఉన్నవాళ్ళు నవ్వకూడదని నా అభిప్రాయం.

సగం కొండ దిగాక, వాననీరు దారిని అడ్డంగా కోసిన చోట, కొమ్మ పంగ రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. తాడు బిగుసుకుని వీణతీగలా మోగింది. జీపు వెనుక భాగం గట్టి కుదుపుతో లోయ వైపు జరిగింది. అవ్వ కెవ్వుమంది. నాయన వెనక్కి చూడకుండా తిట్టుకుంటూ ఇంజను రేపాడు. చిన్నాయన ఒక్క క్షణం మా వైపు చూశాడు. లేచాడు. కొమ్మ కింద భుజం పెట్టి దాన్ని రాళ్ళ మధ్యనుంచి పైకి ఎత్తాడు. తాడు వదులైంది, జీపు దారిలోకి వచ్చింది. కోసుకుపోయిన ఆ నేల దాటేదాకా ఆయన కొమ్మను మోస్తూ జీపు వెంట నడిచి, మళ్ళీ పంగలో కూర్చున్నాడు.

పదకొండు అడుగులు. లెక్కపెడుతున్నప్పుడు నా పెదవులు కదిలి ఉంటాయి. ఆయన నా పెదవుల వైపే చూస్తున్నాడు.

పిన్నమ్మ నా మణికట్టు పట్టుకుంది.

“పాపా, నువ్వేం చూడలా.”

“చూసినాను పిన్నమ్మా.”

“మీ చిన్నాయన దిగకపోయుంటే జీపు లోయలోకి పోయుండును. నీకోసరం దిగినాడే, తల్లీ. అవ్వకోసరం దిగినాడు.”

“దిగినాడు కదా,” అన్నాను.

ఆమె నా మణికట్టు వదల్లేదు. కొండ పాదం చేరేదాకా ఒకసారి బిగిస్తూ ఒకసారి సడలిస్తూ పట్టుకునే ఉంది. దాదాపు గంటసేపు ఆలోచించుకునే వ్యవధి నాకు దొరికింది. నేను తడబడ్డానని, బాధపడ్డానని రాస్తే అది అబద్ధం. నన్ను నమ్మి అప్పగించిన పనిని సక్రమంగా చేస్తున్నానన్న గర్వం తప్ప ఆ గంటసేపు నా మనసులో మరొకటి లేదు.

కింద వాగు దగ్గర నేల చదునయ్యింది. నాయన జీపు ఆపి దిగాడు. చిన్నాయన కొమ్మ మీదినుంచి లేవడానికి రెండుసార్లు ప్రయత్నించి మూడోసారికి లేచాడు. వెనుకభాగమంతా పంచె లేదు. ఉన్న గుడ్డ చర్మానికి అతుక్కుపోయింది. ఆయన తువ్వాలు నడుముకు చుట్టుకుని, అరచేతుల దుమ్ము దులుపుకుని, కుడిచెయ్యి చాచాడు. తాడు ఒరిపిడికి ఆ అరచేయి పొక్కిపోయింది. ఆ రోజు మొదటిసారి ఆయన ముఖం తేటగా ఉంది.

నాయన తాళంచెవిని ఆ చేతికి బెత్తెడు దూరంలో పట్టుకుని నా వైపు తిరిగాడు.

“పాపా, చెప్పు. దిగినాడా?”

“దిగినాడు.”

“ఎన్ని అడుగులు?”

“పదకొండు.”

“ఎందుకు దిగినాడో చెప్పు పాపా!” అంది పిన్నమ్మ. బావగారి ఎదుట ఆమె గొంతు వినబడటం అదే మొదలు. “అత్తా, ఎందుకు దిగినాడో అడగమని చెప్పు. కొమ్మ ఇరుక్కుంటే—”

“నోరు మూసుకోమ్మే,” అంది అవ్వ. “మొగోళ్ళు మాట్లాడతా ఉంటే నడాన నీకేం పని?”

“ఎందుకని నేను అడగలేదు కదమ్మా,” అన్నాడు నాయన నింపాదిగా. ఆయన కోపంగా కూడా లేడు. “ఏంరా, పాప చెప్పింది నిజమేనా?”

చిన్నాయన చాచిన చెయ్యి ఇంకా దించలేదు. ఆయన కాదంటే, నా మాటకు ఎదురు మాట ఉండేది. కోడలి మాట సాక్ష్యానికి పనికిరాదు గనుక నాయన మా ఇద్దరిలో ఎవరో ఒకరి మాట నమ్మవలసి వచ్చేది. ఆ సంగతి చిన్నాయనకు తెలుసు. నా వైపు చూశాడు. ఆ చూపులో నింద ఉంటే నేను ఈపాటికి మరచిపోయి ఉండేదాన్ని. పలక మీద లెక్క సరిగా వచ్చినప్పుడు చూసే చూపు అది.

“నిజమే అన్నా,” అన్నాడు.

“అయితే ఇంకేముండాది,” అని నాయన తాళంచెవిని మొలతాడుకు ముడివేసుకున్నాడు. “తాడు చుట్టు. పొద్దు పోతాండాది.”

చిన్నాయన కొమ్మను విప్పి వాగు పక్కకు ఈడ్చివేసి, తాడును చుట్టలు చుట్టలుగా చుట్టి, కొస లోపలికి దోపి జీపులో పెట్టాడు. అప్పుడు నాయన ఆయనను జీపు ఎక్కమన్నాడు. ఎక్కాడు గానీ కూర్చోలేకపోయాడు. పై కమ్మీ పట్టుకుని నడుము వంచి గుడియాత్తం దాకా నిలబడే వచ్చాడు.

“కూచోరా,” అన్నాడు నాయన. “ఇప్పుడు లేచినా కూచున్నా ఎవురూ లెక్కపెట్టరు.”

అవ్వ నవ్వింది. నేనూ నవ్వాను. విధి ముగిసింది గనుక నవ్వవచ్చుననుకున్నాను.

సోమవారం పొద్దున బడిగంట కొట్టే వేళకు చిన్నాయన వేరుశనగ చేలో ఉన్నాడు. కొన్నాళ్ళు బోర్లా పడుకునేవాడు. తరువాత గాయం మానిపోయింది. ఆ ఉద్యోగం ఎవరికి వెళ్ళిందో మాకు తెలియదు. మరో ఉద్యోగానికి ఆయన దరఖాస్తు పెట్టలేదు. నాయన పోయేదాకా కరక్కాయ బండ్ల వెంట ఏటా ఆయనే కొండకు వెళ్ళి వచ్చాడు. కొండ నుంచి వచ్చిన మరుసటి వారం నేను పలక తీసుకుని వెళితే, “నీకు నేర్పేదేం లేదు పాపా, అంతా వచ్చేసినాది,” అన్నాడు. మెల్లగానే అన్నాడు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ఆడపిల్లల ఉన్నత పాఠశాలల్లో పనిచేశాను, చివరి పదేళ్ళు ప్రధానోపాధ్యాయురాలిగా. కఠినురాలినని పేరు. ఆ పేరు నాకు తగినదే. అబద్ధం చెప్పిన పిల్లను నేను క్షమించలేదు. అయితే ఏ తరగతిలోనూ ఒక పిల్లను మరొకరి మీద కాపలా పెట్టలేదు, పేర్లు నల్లబల్ల మీద రాయించలేదు. ఉపాధ్యాయినులు కారణం అడిగితే అది నా పద్ధతి అన్నాను. ఆ రోజు నేను అబద్ధం చెప్పి ఉండవలసిందని ఈనాటికీ అనలేను. మరో నాలుగు మాటలు చెప్పి ఉండవలసింది. ఆ నాలుగు మాటలూ నా దగ్గర ఉన్నాయి, ఎవరూ అడగలేదని దాచుకున్నాను. నాయన క్రూరుడు. ఆయన క్రూరత్వానికి ఒక కొలబద్ద కావలసి వచ్చింది. నేను దొరికాను.

పిన్నమ్మ అటక మీది మూట దించి, రెండు గిన్నెలనూ గరిటెనూ వంటింట్లో పెద్ద గిన్నెల పక్కన పెట్టేసింది. పద్నాలుగు మందికి వండటం మానలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. తల దువ్వమంటే దువ్వింది, జ్వరం వస్తే కషాయం కాచింది. వడ్డన కూడా ఆమెదే. ఆకుల వరసలో ఒక్కొక్కరి దగ్గరా ఆగి, “ఇంగ కొంచెం పోస్తునా?” అని అడిగి, వద్దన్నా ఇంకొంత పోసేది. నా దగ్గరికి వచ్చేసరికి గరిటె పైన ఆపి పట్టుకునేది.

“ఎన్ని గరిటెలు పాపా?”

మొదటిసారి నాకు అర్థం కాలేదు. ఆమె ఆ గరిటెను అలాగే పట్టుకుని, నేను చెప్పేదాకా నిలబడింది.

“రెండు,” అన్నాను.

రెండే పోసి పక్క ఆకుకు జరిగింది. శిక్షణ కోసం నేను వేలూరు వెళ్ళేదాకా, ఆరేళ్ళపాటు, రెండు పూటలా ఆమె నన్ను అదే అడిగింది. నేను సంఖ్య చెప్పి తిన్నాను.